నాయనమ్మ దొంగ బ్రెడ్డు

మా నాయనమ్మకి కోపం రావడమంటూ ఉండదు, వచ్చే ఉంటుంది. పొద్దున ఆమె కళ్లు తెరిచేసరికి అది అప్పటికే లేచి మంచం పక్కన కూర్చుని ఉంటుంది. ఇద్దరూ కలిసి మొహం కడుక్కుంటారు, ఇద్దరూ కలిసి చెప్పులేసుకుని బేకరీకి బయల్దేరతారు. ఇంట్లో అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. నేను తప్ప. ఎందుకంటే నేనూ ఆ బేకరీలోనే పని చేస్తాను, ఆ కోపం వెనకాలే నడవాలి.

బేకరీలో ఆమెను నిప్పుకోడి అంటారు, వెనకాల. ఎదురుగా అంటే ఏమవుతుందో పిండి మిషను దగ్గర పనిచేసే బట్టతలాయనకి ఒకసారి తెలిసింది. అప్పటి నుంచి నాయనమ్మ అటుగా వస్తుంటే చాలు, ఆయన మిషను వెనక్కి వెళ్లి ఏదో బోల్టు బిగిస్తూ కనిపిస్తాడు. ఆ మిషనుకి అన్ని బోల్టులు లేవు.

ఆమె ఆ బేకరీలో చేరినప్పుడు నా కన్నా చిన్నది. మొదట బ్రెడ్డు అచ్చులు కడగడం, తర్వాత వాటికి నూనె రాయడం, తర్వాత పిండి ముద్దలు తూచి చుట్టడం. బట్టీ దగ్గర మాత్రం మగవాళ్లే నిలబడేవాళ్లట. ఒక రోజు బట్టీ మనిషి తాగొచ్చి, బట్టీ ముందే స్టూలు మీద కునుకు తీస్తే, లోపల బ్రెడ్లు బొగ్గులవుతున్నాయి. నాయనమ్మ స్టూలుతో సహా అతన్ని పక్కకి జరిపి, పొడుగు పార తీసుకుని బ్రెడ్లన్నీ బయటికి లాగింది. మర్నాడు కూడా అక్కడే నిలబడింది. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనడానికి ధైర్యమూ చాలలేదు. ఇప్పటికీ అక్కడే నిలబడి ఉంది. మణికట్టు నుంచి మోచేతి దాకా అడ్డంగా కాలిన మచ్చలు. చిన్నప్పుడు అవి గాజులనుకుని నాకూ కొన్ని కావాలని ఏడ్చానట.

నాకు ఎనిమిదో క్లాసుకి లెక్కలతో చెడింది. బడి మానేసి ఇంట్లో అద్దం ముందు కూర్చుంటే, నాయనమ్మ జుట్టు పట్టుకున్నంత పని చేసి తీసుకెళ్లి ప్యాకింగు బల్ల దగ్గర నిలబెట్టింది. అందుకే జరిగిందంతా నాకు దగ్గర్నుంచి తెలుసు.

ఇక బుడ్డోడి సంగతి. బుడ్డోడు నా తమ్ముడు. ఆరేళ్లు. వాడికి ఆటిజం. మాటలు రాలేదు. ఏం కావాలన్నా మన చెయ్యి పట్టుకుని దాని దగ్గరికి లాక్కెళ్తాడు. మనం గరిట, వాడు వంటవాడు అన్నమాట. వాడు తినేవి లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు, అందులోనూ ఒక వేలు మిగులుతుంది. నాయనమ్మ తెచ్చే బ్రెడ్డు, పాలు, అరటిపండు, ఉడకబెట్టిన బంగాళదుంప. అంతే. బంగాళదుంప మీద నల్ల చుక్క ఉండకూడదు. అరటిపండు ఒలిచేటప్పుడు విరిగిందంటే అది ఇక అరటిపండు కాదు, దాన్ని గది దాటించాలి.

బ్రెడ్డు దగ్గర మాత్రం ఏ పేచీ లేదు. అది వాడికి తిండి కాదు, చుట్టం. మధ్యాహ్నం నాయనమ్మ గుడ్డలో చుట్టిన బ్రెడ్డుతో మెట్లెక్కుతుంటే, అడుగుల చప్పుడుకే తలుపు దగ్గరికి వచ్చేవాడు. గుడ్డ విప్పి బ్రెడ్డుకి బుగ్గ ఆనించేవాడు. తర్వాత దాన్ని తిరగేసి అడుగున వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టేవాడు. బట్టీ దగ్గర నాయనమ్మ చేసేది అదే. బాగా కాలిన బ్రెడ్డుని అడుగున కొడితే ఖాళీ డబ్బాలా పలుకుతుంది, కాలనిది మొద్దుగా పలుకుతుంది. ఇంట్లో సరదాకి ఒకసారి చేసి చూపించింది. వాడు పట్టేశాడు. వాడు కొట్టి, విని, ఆమె వైపు తిరిగేవాడు. ఆమె తనూ ఒకసారి కొట్టి "కాలింది" అనేది. అప్పుడు తినేవాడు. నాయనమ్మ మొహంలో కోపం లేని క్షణాలు రోజు మొత్తంలో అవే. నేను ఎన్నోసార్లు చూశాను, చూసినట్టు కనపడకుండా చూశాను.

ఈ చుట్టరికంలో నిప్పు పోసింది పథ్యాలాయన.

ఆయన పేరు మాకు తెలుసు, కానీ ఆ పేరుతో మా ఇంట్లో ఎవరూ పిలవరు. బుడ్డోణ్ణి మాటలు నేర్పే సెంటరుకి తీసుకెళ్లినప్పుడు, అక్కడ బెంచీ మీద కూర్చున్న ఇంకో తల్లి మా అమ్మకి ఆయన గురించి చెప్పింది. గోధుమ, పాలు, పంచదార మానిపిస్తే పిల్లల బుర్రకి పట్టిన మబ్బు విడిపోతుందట. ఎవరి పిల్లాడో మానేసిన కొన్నాళ్లకే "అమ్మా" అన్నాడట. మా అమ్మ బట్టలు కుడుతుంది. ఆ రోజు సాయంత్రం ఒకే ప్యాంటుని రెండు సార్లు కుట్టి, రెండు సార్లూ ఊడదీసింది. అప్పుడే అనుకున్నాను, ఈమె మనసు మిషను మీద లేదని.

పిల్లల డాక్టరమ్మని అడక్కుండా వెళ్లలేదు. అది మా అమ్మ తరఫున చెప్పాలి. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. కొంతమందికి గోధుమ నిజంగానే పడదు, అలాంటివాళ్లు మానాల్సిందే, వీడికి అదేం లేదు అంది. గోధుమా పాలూ మానేస్తే ఆటిజం తగ్గుతుందనడానికి సరైన రుజువు లేదంది. పైగా వీడు తినేవే నాలుగు, అందులో రెండు తీసేస్తే ఏం మిగులుతుందని అడిగింది. మా అమ్మ అన్నీ తలూపి వింది. తలూపడం వేరు, వినడం వేరు.

నాయనమ్మకి సంగతి తెలియగానే ఒంటికాలి మీద లేచింది. "నలభై ఏళ్లుగా ఊరు ఊరంతా నా చేతి బ్రెడ్డు తింటోంది. అందరి బుర్రలకీ మబ్బు పట్టిందా?" అని అడిగింది. మా అమ్మ కళ్లెత్తకుండా, "ఊరి సంగతి నాకెందుకు అత్తయ్యా, నా కొడుకు సంగతి నాకు కావాలి" అంది. మా నాన్న బస్సు డ్రైవరు. ఇంట్లో గొంతులు లేచాయంటే ఆయనకి తప్పకుండా డ్యూటీ ఉంటుంది. ఆ రోజూ ఉంది.

నాలుగో వేలి దాకా ఉన్న బుడ్డోడి తిండి అలా రెండో వేలికి వచ్చింది. ఇంట్లోంచి బ్రెడ్డు పోయింది, పాలు పోయాయి, బిస్కెట్లు పోయాయి. వాడు తినంది తనూ తిననని అమ్మ కూడా మానేసింది. మొదటి వారం వాడు నా చెయ్యి పట్టుకుని వంటింట్లో అల్మరా దగ్గరికి లాక్కెళ్లేవాడు. ఖాళీ అర చూపించేవాడు. నేను "లేదురా" అంటే చెయ్యి వదిలేసి అమ్మ చెయ్యి పట్టుకొచ్చేవాడు. నా గరిట పనిచేయడం లేదని గరిట మార్చేవాడు. అమ్మ కూడా లేదనేది. అప్పుడు వాడు ఆ అర ముందే నేల మీద తల కొట్టుకునేవాడు. అమ్మ అరచెయ్యి అడ్డం పెట్టేది. దెబ్బలన్నీ అరచేతికి తగిలేవి. పథ్యాలాయన, ఇది మంచి లక్షణమేనని, ఒంట్లో పేరుకున్న విషం పోతోందని ఫోన్లో చెప్పాడు. ఆ మంచి లక్షణానికి అమ్మ అరచెయ్యి వాచిపోయింది.

కొన్నాళ్లకి వాడు పడుకునే ముందు "మ్మ్" అన్నాడు. వాడు ఎప్పుడూ అనేదే. కానీ అమ్మ ఆ రోజు దాన్ని కొత్తగా వింది. నన్ను లేపి చెప్పింది, నాన్నకి ఫోను చేసి చెప్పింది. రెండు రోజుల తర్వాత వాడు మళ్లీ మౌనం. అమ్మ బెదిరిపోయి పథ్యాలాయన దగ్గరికి పరిగెత్తింది. ఆయన ఇంట్లో ఎవరెవరు ఏం పని చేస్తారని అడిగాడట. బేకరీ అన్న మాట వినగానే కుర్చీలో వెనక్కి వాలాడట. ఇంకేం, దొంగ దొరికింది. ముసలామె బట్టల మీద మైదా ధూళి, జుట్టులో మైదా ధూళి, అది గాల్లో ఉంటే చాలు, పథ్యం అంతా చెడిపోతుందన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అంటారే, అది. ఆయన మద్దెల మా నాయనమ్మ.

ఆ రోజు నుంచి నాయనమ్మా నేనూ గుమ్మం లోపలికి బేకరీ బట్టలతో రాకూడదు. మెట్ల మలుపులో ఒక పాత దుప్పటి అడ్డం కట్టాం. దాని వెనక బట్టలు మార్చుకుని, తలకి గుడ్డ చుట్టుకుని, ఒంటి మీద నీళ్లు పోసుకుంటే గానీ బుడ్డోణ్ణి ముట్టుకోకూడదు. కింది వాటాలో వాళ్లు ఎక్కి దిగుతూ దుప్పటి కింద ఆమె కాళ్లు చూసేవాళ్లు. ఊరికే ఉండచ్చుగా, నా వంతు ముందే ముగించుకుని నేను దుప్పటికి ఇవతల నిలబడి "లోపల రాణిగారు అలంకరించుకుంటున్నారు, దారి ఇవ్వండి" అనేదాన్ని. లోపలి నుంచి చెప్పు వచ్చేది. గురి బాగానే ఉండేది.

ఆమె ఆ పనంతా చేసింది. ఆ మాట గట్టిగా చెప్పాలి. తిడుతూ చేసింది, నన్ను తిట్టింది, దుప్పటిని తిట్టింది, నీళ్ల బకెట్టుని తిట్టింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం కోడళ్లకే అనుకునేదాన్ని, అత్తలకీ ఉంటుంది. కానీ ఒక్క రోజు కూడా ఎగ్గొట్టలేదు. ఎందుకని అడిగితే, "వాడికి మాటొస్తే? నా మైదా వల్లే రాలేదంటే?" అంది. అప్పుడు నాకు అర్థమైంది, ఆమె కూడా లోపల ఎక్కడో నమ్ముతోందని. దానికే ఎక్కువ కోపం.

బుడ్డోడు చిక్కిపోతున్నాడు. లాగూ బొందు ముడి వెయ్యడానికి మిగిలిన తాడు రోజు రోజుకీ పొడుగవుతోంది. బంగాళదుంప కూడా సగంలో వదిలేస్తున్నాడు. నాయనమ్మ అది చూసి చూసి ఒక రోజు బట్టీ ముందు, "పథ్యం చెడకుండా వాడి బ్రెడ్డు వాడికి చేసి పెడతాను" అంది.

చూడండి, వేరే ఎవరైనా అయితే పిల్లాడికి వేరే ఏదో కొత్త తిండి అలవాటు చెయ్యాలని చూసేవాళ్లు. నాయనమ్మ బ్రెడ్డు మనిషి. ఆమెకి బ్రెడ్డే తెలుసు. గోధుమ లేకుండా, పాలు లేకుండా అచ్చం అదే బ్రెడ్డు చెయ్యాలని పంతం పట్టింది. మొక్కజొన్న పిండి, బంగాళదుంప పిండి, గుడ్ల తెల్లసొన, ఇంకేవో గింజలు నానబెట్టి తీసిన జిగురు. మొదటిది ఇటుకలా వచ్చింది. బట్టతలాయన దాన్ని తలుపు కింద పెడితే తలుపు కదలకుండా నిలబడింది. రెండోది పొంగి, చల్లారేలోగా మధ్యలో కుంగిపోయింది. తర్వాతది కోస్తే ముక్కలు కాదు, పొడి రాలింది. పనయ్యాక, తన సొంత సమయంలో, బట్టీ చల్లారే వేడి మీద ఇవన్నీ చేసేది. ఎవరైనా నవ్వితే పార చూపించేది.

చివరికి కుదిరింది. పాత అచ్చులోనే కాల్చింది. పైన అదే గాటు. రంగు సరిపోకపోతే పంచదార లేకుండా గుడ్డుసొన పూసి మళ్లీ లోపల పెట్టి, అచ్చం అదే గోధుమ రంగు తెప్పించింది. పక్కన అసలు బ్రెడ్డు పెట్టి ఏది ఏదో చెప్పమంది. నేను చెప్పలేకపోయాను. బట్టతలాయన చెప్పలేకపోయాడు. యజమాని వచ్చి చూసి తప్పుదే చూపించాడు. నాయనమ్మ పళ్లు కనబడేలా నవ్వడం ఆ రోజే చూశాను. ఆమెకి అన్ని పళ్లు ఉన్నాయని కూడా ఆ రోజే తెలిసింది.

గుడ్డలో చుట్టుకుని తెచ్చింది. దుప్పటి వెనక బట్టలు మార్చుకునేటప్పుడు కూడా దాన్ని నా చేతికివ్వలేదు. లోపలికి వెళ్లేసరికి బుడ్డోడు తలుపు దగ్గరే ఉన్నాడు. ఎన్నాళ్ల తర్వాతో గుడ్డ చుట్టిన మూట. వాడు దాన్ని లాక్కున్నాడు. బుగ్గ ఆనించాడు. అమ్మ మిషను ఆపి లేచి నిలబడింది.

వాడు బ్రెడ్డు తిరగేశాడు. అడుగున వేలితో కొట్టాడు. చెవి పెట్టాడు.

మొద్దుగా పలికింది.

నాయనమ్మ మొహం ఆ క్షణంలో ఎలా అయిందో నేను చూశాను. రంగు కుదిర్చింది, గాటు కుదిర్చింది, బరువు కూడా కుదిర్చింది. చప్పుడు మర్చిపోయింది. జీవితమంతా చప్పుడుతోనే బ్రెడ్డుని పోల్చుకున్న మనిషి, వాడికి కూడా అదే నేర్పిన మనిషి, అదొక్కటే మర్చిపోయింది. పోటీ అంతా కళ్లతో పోల్చేవాళ్లతో పెట్టుకుంది కదా.

బుడ్డోడు మళ్లీ కొట్టాడు. ఆమె వైపు చూశాడు. వాడు చూసేది ఎప్పుడూ మొహం పక్కకే, ఆ రోజు కూడా అంతే, ఆమె చెవి దగ్గరికి చూశాడు. ఎదురుచూశాడు. ఆమె వంగి, తనూ ఒకసారి కొట్టి, "కాలింది, తిను" అంది.

వాడు తిన్నాడు. ఆ మాట మీద తిన్నాడు. నోట్లో పెట్టుకుని, ఒకసారి నమిలి, ఆగిపోయాడు. నోరు తెరిచి నాలుక మీద ఉన్నదంతా నేల మీదికి వదిలేశాడు. ఏడవలేదు, తల కొట్టుకోలేదు. ఆ బ్రెడ్డుని తీసుకెళ్లి చెత్తబుట్ట పక్కన పెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అరిచి ఉంటే బాగుండేది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. మాకు అదే అయింది. ఆ రోజు నుంచి వాడు బంగాళదుంప కూడా అనుమానంగా చూసేవాడు. నోటి దాకా తీసుకెళ్లి దించేసేవాడు. వారం తిరక్కుండా మెట్లు ఎక్కుతూ ఎక్కుతూ కూలబడిపోయాడు. ఆసుపత్రిలో చేతికి సూది గుచ్చి సెలైన్ సీసా ఎక్కించారు. డాక్టరమ్మ గొంతు పెంచలేదు, కానీ అమ్మ వైపు చూడకుండా నా వైపు చూసి మాట్లాడింది. పథ్యం ఇవాళే ఆపాలని, వాడు ఏది తింటే అది పెట్టమని, తిండి నేర్పడం తర్వాత నెమ్మదిగా చూద్దామని చెప్పింది.

ఇంటికొచ్చాక అసలు బ్రెడ్డు పెట్టాం. నాయనమ్మ చేతిదే, బట్టీలోంచి అప్పుడే వచ్చింది. వాడు కొట్టలేదు. బుగ్గ ఆనించలేదు. చూసి, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. పాలు తాగాడు. అరటిపండు తిన్నాడు. బ్రెడ్డు గదిలో ఉంటే మాత్రం నోటి మీంచి చేతులు తియ్యలేదు.

మర్నాడు నాయనమ్మ బేకరీకి సెలవు పెట్టింది. నాకు గుర్తున్నంతలో అది మొదటి సెలవు. బేకరీ బట్టలే వేసుకుంది, ఉతకనివి, మోచేతుల దాకా మైదా ఉన్నవి. నన్ను వెంటబెట్టుకుని పథ్యాలాయన ఆఫీసుకి వెళ్లింది. మెత్తటి కుర్చీల గది. అందులో నలుగురైదుగురు తల్లులు, వాళ్ల పిల్లలు. ఒక పిల్లాడు గోడకి వీపు కొట్టుకుంటున్నాడు. నాయనమ్మ ఎవరినీ అడక్కుండా లోపలి తలుపు తోసింది.

ఆయన కోప్పడలేదు. నేను కోప్పడతాడని ఆశపడ్డాను. కూర్చోమన్నాడు, నీళ్లు తెప్పించాడు. పిల్లాడు ఆసుపత్రిలో పడ్డాడంటే చాలా బాధగా తలూపాడు. ఒళ్లు శుభ్రపడేటప్పుడు కొందరికి ఇలా అవుతుందని, ఇప్పుడు ఆపేస్తే ఇన్నాళ్లు పడ్డ కష్టమంతా వృథా అని అన్నాడు. నాయనమ్మ నీళ్లు ముట్టుకోలేదు.

"నాకొక్కటి చెప్పు," అంది. "పిల్లాడు కూతపెడితే నీ పథ్యం పనిచేసింది. కూతపెట్టకపోతే నా మైదా చెడగొట్టింది. తల కొట్టుకుంటే విషం పోతోంది. కూలబడితే శుభ్రపడుతున్నాడు. ఏం జరిగితే నీ పథ్యం పనిచెయ్యలేదని ఒప్పుకుంటావు?"

"ముందు నమ్మకం ఉండాలమ్మా," అన్నాడాయన. "నమ్మకం లేని ఇంట్లో ఏదీ పనిచెయ్యదు."

అదే నెమ్మది గొంతు. నవ్వు కూడా చెరగలేదు. నాయనమ్మ లేచి తలుపు బార్లా తెరిచి, బయటి గదిలో తల్లులందరికీ వినపడేలా, మా బుడ్డోడికి ఏమైందో చెప్పింది. బంగాళదుంప సంగతి చెప్పింది, సీసా సంగతి చెప్పింది. వాళ్లు లేచి వెళ్లిపోతారని నేననుకున్నాను. ఎవరూ లేవలేదు. ఒకామె, మా అమ్మ వయసుదే, తన పిల్లాడి రెండు చెవులూ మూసి నాయనమ్మ వైపు చూసింది. నోట్లో ముద్ద లాక్కున్నవాళ్లని చూస్తారే, అలా చూసింది.

నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.  బస్సులో కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ పిల్ల నన్ను చూసిన చూపు చూశావా?" అంది. "మీ అమ్మ ఇన్నాళ్లూ నన్ను అలాగే చూసింది. నేను పొగరనుకున్నాను."

ఇంత తెలిసింది కదా, ఇంటికెళ్లి కోడల్ని దగ్గరికి తీసుకుంటుందని అనుకుంటారు మీరు. మీకు మా నాయనమ్మ తెలీదు. గుమ్మం దాటుతూనే, దుప్పటి పీకి మెట్ల మీద పారేసి, మొదలుపెట్టింది. డాక్టరమ్మ చెప్పినా వినలేదని, కడుపు మాడ్చి మాటలు రప్పిస్తారా ఎవరైనా అని, పిల్లాడి ఎముకలు లెక్కపెట్టుకోవచ్చని. బల్ల మీద నిన్నటి బ్రెడ్డు ఉంది. బుడ్డోడు బల్ల కింద కూర్చుని నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

అమ్మ కుట్టుమిషను దగ్గర్నుంచి లేచింది. కత్తెర ఇంకా చేతిలోనే ఉంది. "వాడి నోట ఒక్క మాట వినాలనుకున్నాను అత్తయ్యా. ఆశపడ్డాను. తప్పే. నేను వాడి తిండి తీసేశాను, వాడి కళ్లముందే తీసేశాను. లేదంటే లేదన్నాను. మీరేం చేశారు? మీరు కాలిందని చెప్పి పెట్టారు."

నాయనమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. మా ఇంట్లో అలాంటిది ఎప్పుడూ జరగలేదు కాబట్టి, తర్వాత ఏం చెయ్యాలో నాకూ తెలియలేదు, ఆమెకీ తెలియలేదు. మెల్లగా గోడ దగ్గర కూలబడినట్టు కూర్చుంది.

అమ్మ కత్తెర బల్ల మీద పడేసి, ఆ బ్రెడ్డు అందుకుంది. కొయ్యలేదు, పళ్లెం తియ్యలేదు. చేత్తో ఒక పెద్ద చీలిక చీల్చి నోట్లో కుక్కుకుంది. ఎన్నాళ్లుగానో ఆమె బ్రెడ్డు ముట్టలేదు కదా, పిల్లాడితో పాటు తనూ మాడింది. కోపంతో తినడం నేను అంతకు ముందు చూడలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే దవడలు గట్టిగా ఆడించి, మింగి, మళ్లీ చీల్చి తింది. మాట్లాడితే మళ్లీ గొడవవుతుందని నోట్లో బ్రెడ్డు దోపుకుంటున్నట్టు తింది.

బల్ల కింద నుంచి బుడ్డోడు బయటికి వచ్చాడు. అమ్మ మోకాళ్లు పట్టుకుని లేచాడు. ఒక వేలితో ఆమె దవడ ముట్టుకున్నాడు. దవడ కదులుతోంది. కదులుతున్నంత సేపూ వేలు అక్కడే ఉంచాడు. తర్వాత ఆమె గుప్పిట్లో నలిగిపోయిన ముక్కలోంచి కొంచెం గిల్లి నాలుక మీద పెట్టుకున్నాడు.  వాడు నమిలాడు. ఇంకొంచెం గిల్లాడు.

నాయనమ్మ పట్టలేకపోయింది. తనూ ఒక ముక్క తీసి చెయ్యి చాచింది. వాడు వెంటనే ఆ చేతి వైపు తిరగకుండానే నోరు మూసుకున్నాడు, రెండు చేతులతో. ఆమె చెయ్యి వెనక్కి తీసుకున్నాక మళ్లీ అమ్మ గుప్పిట్లోంచి గిల్లుకున్నాడు.

ఇప్పుడు వాడు బ్రెడ్డు తింటాడు. బుగ్గలు మళ్లీ వస్తున్నాయి. మాటలు రాలేదు, వస్తాయో లేదో డాక్టరమ్మ కూడా చెప్పదు. బొమ్మల కార్డులు చూపించి అడగడం సెంటరులో నేర్పుతున్నారు, బ్రెడ్డు కార్డు అంచులు నలిగిపోయాయి. కానీ అమ్మ చేతి నుంచే తింటాడు, అమ్మ ముందు తింటేనే తింటాడు. నాయనమ్మ బ్రెడ్డు కాలుస్తుంది, మోసుకొస్తుంది, మెట్లెక్కుతుంది. గుమ్మం దగ్గర అమ్మకి ఇచ్చేసి, వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఆమె గదిలో ఉంటే వాడు తొందరగా తినడని ఆమెకి తెలుసు.

నాకది నచ్చలేదు. ఒక రోజు వంటింట్లో గిన్నెలు తోముతూ, కొన్నాళ్లు పోతే వాడు మర్చిపోతాడులే నాయనమ్మా, మళ్లీ నీ దగ్గరికి వస్తాడు అన్నాను. ఆమె గిన్నె నేలకేసి కొట్టినంత పని చేసింది.

"ఎందుకు మర్చిపోవాలి? వాడేం తప్పు చేశాడని మర్చిపోవాలి?" అంది. "అబద్ధం చెప్పినదాన్ని గుర్తు పెట్టుకునేపాటి బుర్ర వాడికుంది. వాడి బుర్రకి మబ్బు పట్టిందన్నవాడు వచ్చి చూడమను." చెయ్యి తుడుచుకుని, తలుపు వైపు తల ఆడించింది. "తింటున్నాడేమో చూసి రా. నేను అడిగానని చెప్పకు."

వెళ్లి చూశాను. తింటున్నాడు. వచ్చి చెప్పాను.

"సగమా, మొత్తమా?"

"మొత్తం. అడుగు పెచ్చు కూడా."

"మరైతే నిలబడి చూస్తావేంటే, ఆ గిన్నెలు ఎవరు తోముతారు, మీ తాతా?" అని తిట్టి, అటు తిరిగి నిలబడింది. చాలాసేపు తిరగలేదు.